తాళం పడిన రైసు మిల్లు: కూల్చాలా, ఉంచాలా అన్నది షెడ్డు షెడ్డుకీ వేరు

నెల్లూరులో స్టోన్‌హౌస్‌పేట, నవాబుపేట వైపు తిరిగేవాళ్లకు పాత రైసు మిల్లులు కొత్త కాదు. ఎత్తైన ప్రహరీ, తుప్పు పట్టిన గేటు, లోపల రావి మొక్క మొలిచిన పొగగొట్టం. రంగు తేడా ఉన్న గింజల్ని ఏరే సార్టెక్స్ యంత్రాలు పెట్టిన కొత్త మిల్లులు పెద్ద లారీలు తిరగ్గల రోడ్ల మీదికి, ఊరి బయటికి వెళ్లిపోయాయి. ఊరి మధ్య చిక్కుకున్నవి ఆగిపోయాయి. ఇప్పుడు వాటి గురించి మాట వచ్చినప్పుడల్లా రెండే వాదనలు: మొత్తం పడగొట్టి అపార్టుమెంట్లు కట్టేద్దామని ఒకరు, ఊరి గుర్తు కాబట్టి మొత్తం అలాగే ఉంచాలని ఇంకొకరు. రెండూ తప్పే అంటాను. మిల్లు ఒక కట్టడం కాదు. వడ్లు ఆరబోసే కళ్లం, బస్తాల గోడౌను, యంత్రాల షెడ్డు, నానబెట్టే తొట్లు, బాయిలర్ గది, పొగగొట్టం, ముందువైపు ఆఫీసు గది అన్నీ కలిస్తే మిల్లు. ఒక్కొక్కటి ఒక్కో కాలంలో, ఒక్కో సామగ్రితో కట్టినవి. పాడయ్యే తీరు కూడా ఒక్కోదానిది ఒక్కో రకం. కాబట్టి నిర్ణయం కూడా విడివిడిగానే తీసుకోవాలి.

ముందు కాగితాలు. గోడ ఎంత గట్టిదైనా, పత్రాలు బలహీనంగా ఉంటే పెట్టిన డబ్బు నీళ్లలో పోసినట్టే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కనీసం ముప్పై ఏళ్లకు ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీయించాలి, లింకు డాక్యుమెంట్లన్నీ చూడాలి, సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ కుదరని భూముల జాబితాలో, ఉందో లేదో చూడాలి. పాత మిల్లులు చాలావరకు కుటుంబ భాగస్వామ్య సంస్థలు. తాత పేరున ఉన్న వాటా మనవల దాకా పంచుకోకుండానే వచ్చి ఉంటుంది, వాళ్లలో ఒకరి సంతకం లేకపోయినా తర్వాత కోర్టులో తేలాల్సిందే. రైసు మిల్లుకు ప్రత్యేకంగా ఇంకో చిక్కు ఉంది. సర్కారు వడ్లు తీసుకుని తిరిగి బియ్యం ఇవ్వాల్సిన కస్టమ్ మిల్లింగ్ లెక్క తేలకపోతే, రెవెన్యూ రికవరీ చట్టం కింద ఆస్తి జప్తులో ఉండొచ్చు. అది ఈసీలో కనిపించకపోవచ్చు కాబట్టి పౌర సరఫరాల సంస్థ జిల్లా కార్యాలయంలో విడిగా అడగాలి. బ్యాంకు అప్పు, కార్మికుల బకాయి, కరెంటు బకాయి కూడా అంతే. పాత సర్వీసు బాకీ తీరకుండా అదే ఆవరణలో కొత్త కనెక్షన్ తెచ్చుకోవడం కష్టం. మాస్టర్ ప్లానులో ఆ స్థలం పారిశ్రామిక జోన్‌లో ఉంటే వినియోగ మార్పుకు నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) ద్వారా దరఖాస్తు పెట్టి, అభ్యంతరాల గడువు దాటి, ఉత్తర్వు వచ్చేదాకా ఆగాలి. ఈ గడువులో బేరం కుదుర్చుకున్నవాళ్లు చేసే తొందరపాటు పని ఒకటుంది: తుక్కు అమ్మేయడం.

కట్టడాలకు ఎక్కువ చేటు చేసేది అదే. తుక్కు కాంట్రాక్టరుకు విలువైనది ఇనుము, టేకు. యంత్రాలతోపాటు పైకప్పును మోసే ట్రస్సుల (త్రికోణపు చట్రాల) అడుగు బద్దలు, షాఫ్టు మోసే దూలాలు కూడా కోసుకుపోతాడు. యాభై అడుగుల పొడవు, ఇరవై అడుగుల ఎత్తున్న ఇటుక గోడ తనంతట తాను నిలబడదు. రెండు పక్కల గోడల్నీ పట్టి ఉంచేవి ఆ ట్రస్సులే. అవి పోయాక వచ్చే మొదటి వాయుగుండానికి గోడ వీధిలోకి ఒరుగుతుంది. అందుకే ఒప్పందంలో రాయాల్సిన మొదటి మాట: పైకప్పునీ, గోడను తాకే ఏ దూలాన్నీ ఇంజనీరు రాతపూర్వకంగా చెప్పేదాకా కదపకూడదు. యంత్రాలు తీసేటప్పుడు గ్యాస్ కటింగ్ బదులు వీలైనంత వరకు బోల్టులు విప్పించాలి. ఏళ్లతరబడి దూలాల మీద, వడ్లను పైకెత్తే ఎలివేటర్ గొట్టాల్లో పేరుకున్న తవుడు దుమ్ము నిప్పురవ్వ పడితే భగ్గుమంటుంది. కోయక తప్పకపోతే ముందు రోజు దుమ్ము ఊడ్చి, తడి గోనెలు పరిచి, పని ముగిశాక కూడా గంటసేపు ఒక మనిషి కాపలా ఉండాలి.

గుంతల విషయం ప్రాణాల మీదికి వచ్చేది. ఎలివేటర్ బూటు, అంటే దాని అడుగు భాగం, కోసం తవ్విన గుంత ఆరు నుంచి పది అడుగుల లోతు ఉంటుంది. అందులో వాన నీళ్లు, కుళ్లిన వడ్లు చేరి ఆక్సిజన్ ఉండదు. నానబెట్టే తొట్లు, బాయిలర్ డ్రమ్ము కూడా అలాంటివే. మూతలు ముందు రోజే తెరిచి, బ్లోయరుతో గాలి కొట్టించి, నడుముకు తాడు కట్టుకున్న మనిషినే దించాలి, పైన ఇద్దరుండాలి. కింద పడినవాణ్ని పట్టుకోవడానికి వెంటనే దూకినవాడు కూడా పోతాడు. ఇలాంటి చోట్ల ఒకరి వెనక ఒకరు పోవడం అలాగే జరుగుతుంది. గోడౌను మూలల్లో పురుగు మందు డబ్బాలు కూడా వెతకాలి. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలకు తడి తగిలితే ఫాస్ఫీన్ విషవాయువు వస్తుంది. కడిగేద్దామని నీళ్లు కొట్టకూడదు, ఆ పని తెలిసినవాళ్లకే అప్పగించాలి.

ఇక ఒక్కొక్కటిగా చూద్దాం.

గోడౌను దాదాపు ఎప్పుడూ ఉంచదగ్గదే. దాని బలం నేలలో ఉంది. నాలుగు మీటర్ల ఎత్తున బియ్యం బస్తాలు పేరిస్తే చదరపు మీటరు మీద సుమారు మూడు టన్నుల బరువు పడుతుంది. జనం గుమిగూడే హాలుకు మన ప్రమాణాలు అడిగే బరువు చదరపు మీటరుకు అర టన్ను. అంటే ఇన్నేళ్లు బస్తాలు మోసిన నేల మీద గ్రంథాలయం, శిక్షణ కేంద్రం, కూరగాయల మార్కెట్ ఏది పెట్టినా నేలకు లెక్కలోది కాదు. అయితే అది నేల గురించి చెప్పే మాటే, పైకప్పుకు వర్తించదు. గోడౌను మధ్యలో మెజనైన్ అంతస్తు (నేలకూ కప్పుకూ నడుమ అర అంతస్తు) వేయాలనుకుంటే దాన్ని పాత గోడలకు తగిలించొద్దు, సొంత స్తంభాలు, సొంత పునాదులతో విడిగా నిలబెట్టాలి. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో భూకంపం వచ్చిన ప్రాంతం మనది. నెల్లూరు, ఒంగోలు రెండూ భూకంప జోన్ మూడు కింద లెక్కలోకి వచ్చిన ఊళ్లు. సున్నంతో కట్టిన పాత గోడకు కొత్త బరువు వేలాడదీస్తే ఊపు వచ్చినప్పుడు రెండూ దెబ్బతింటాయి.

పైకప్పు దగ్గరే పని అంతా. పాత మిల్లుల మీద మంగుళూరు పెంకు, జింకు రేకు, ఏసీ (ఆస్బెస్టాస్ సిమెంటు) రేకు మూడూ కనిపిస్తాయి. ఏసీ రేకులో ఆస్బెస్టాస్ పీచు ఉంటుంది. పగలకుండా ఉన్నంతకాలం ప్రమాదం తక్కువ, కోసినా విరిచినా ఆ పీచు గాలిలో కలుస్తుంది, ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. తీయాల్సి వస్తే నీళ్లతో బాగా తడిపి, బోల్టులు విప్పి నిండు రేకుగా దించి, మందపాటి పాలిథీన్‌లో చుట్టి, కాలుష్య నియంత్రణ మండలి చెప్పిన చోటికే పంపాలి. ముక్కలు చేసి గుంతలు పూడ్చడం, రోడ్డు కింద వేయడం మన దగ్గర మామూలైపోయింది, అది ఆపాలి. బాయిలర్ నుంచి వచ్చే ఆవిరి గొట్టాలకు చుట్టిన తెల్లటి పిండి కట్టు, తాడు కూడా ఆస్బెస్టాసే కావచ్చు. అది రేకుకంటే ప్రమాదం, ఎందుకంటే చేత్తో ముట్టుకుంటేనే రాలుతుంది.

ఏసీ రేకు తీసి దాని బదులు పలచటి జింకు రేకు వేస్తే ట్రస్సు మీద బరువు తగ్గుతుందని సంతోషిస్తారు. నిజమే, చదరపు మీటరుకు పదిహేను కిలోల చోట ఐదు కిలోలే. కానీ మన తీరంలో కట్టడాలను సెకనుకు 50 మీటర్ల గాలికి, అంటే గంటకు 180 కిలోమీటర్ల గాలికి తట్టుకునేలా కట్టాలి. ఆ వేగానికి ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 150 కిలోలు. కప్పు మీద అది ఎక్కువభాగం పైకి లాగే శక్తిగా పనిచేస్తుంది, అంచుల దగ్గర ఇంకా ఎక్కువ. దాన్ని ఐదు కిలోల రేకు బరువు ఆపదు, బోల్టులే ఆపాలి. అందుకని చూరు, కొప్పు, రెండు చివర్ల నుంచి సుమారు రెండు మీటర్ల దాకా బోల్టులు దగ్గరదగ్గరగా వేయించాలి. రేకు నుంచి పర్లిన్ (రేకును మోసే అడ్డ దూలం), పర్లిన్ నుంచి ట్రస్సు, ట్రస్సు నుంచి గోడ దాకా పట్టు ఎక్కడా తెగకూడదు. చాలా మిల్లుల్లో ట్రస్సు గోడ మీద ఊరికే కూర్చుని ఉంటుంది. దాని కింద కాంక్రీటు దిమ్మె పోసి బోల్టు దింపడం ఈ మొత్తం పనిలో అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ లాభమిచ్చేది. తలుపులూడిపోయి గాలి లోపలికి దూరే షెడ్డులో కప్పు కిందినుంచి కూడా తోపు పడుతుంది కాబట్టి, పని మొదలయ్యేదాకా అయినా గాలి వీచే వైపు వాకిళ్లు మూసి ఉంచాలి.

కర్ర ట్రస్సు అయితే నడిమి భాగం చూసి మురిసిపోకూడదు. గోడలోకి దూరిన కొసల దగ్గరే చెద పడుతుంది, కుళ్లు పడుతుంది. స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి, వేలెడు లోతు దిగితే ఆ కొస పోయినట్టే. మొత్తం మార్చక్కర్లేదు, కొస కోసి రెండు పక్కలా ఇనుప పట్టీలు బిగిస్తే సరిపోతుంది. ఇనుప ట్రస్సుకు తుప్పు గీకి వెర్నియర్ కొలసాధనంతో మందం కొలవాలి. నాలుగో వంతు పోయిన ముక్కను రంగు వేసి దాచడం కాదు, మార్చాలి. తర్వాత వేసిన కాంక్రీటు స్తంభాలుంటే కొత్తగా చెక్కిన ముఖం మీద ఫినాల్ఫ్‌థలీన్ ద్రావణం చల్లితే చాలు. గులాబీ రంగు వస్తే లోపల కమ్మీకి ఇంకా రక్షణ ఉంది. రంగు రాని పొర కమ్మీ దాకా చేరితే తుప్పు మొదలయ్యే ఉంటుంది, సిమెంటు పూతతో అది ఆగదు.

గోడల్లో చూడాల్సింది తడి, ఉప్పు. బాయిల్డ్ రైస్ ఆడిన మిల్లులో తొట్ల పక్క గోడ ఏళ్లతరబడి ఆవిరి తాగి ఉంటుంది. దాని మీద ఎవరో ఒకరు సిమెంటు పూత వేసి ఉంటారు. సున్నపు గోడ ఊపిరి తీసుకునే దారి అలా మూసుకుపోయి, నీళ్లు పైకి పాకి, పూత ఆగిన చోట తెల్లగా ఉప్పు పొంగుతుంది, ఇటుక పిండిలా రాలుతుంది. ముందు ఆ సిమెంటు పూత తీసేయాలి, తడి కనిపించిన గీత కంటే మూడడుగులు పైదాకా. ఒక ఎండాకాలం గోడను అలాగే వదిలేయాలి. తర్వాత గానుగ సున్నం ఒక పాలు, ఇసుక రెండున్నర నుంచి మూడు పాళ్లు, దొరికితే కొంచెం ఇటుక పొడి కలిపి, పూతకు పది పన్నెండు మిల్లీమీటర్లకు మించకుండా వేయించాలి. మన ఎండకు సున్నం గట్టిపడకముందే ఎండిపోయి పగుళ్లిస్తుంది కాబట్టి తడి గోనెలు కట్టి వారానికి పైగా తడుపుతూ ఉండాలి. మేస్త్రీలు ఇక్కడే ఓపిక పోగొట్టుకుని సిమెంటు కలుపుతారు. అడ్డుపడండి.

పగులు కొత్తదా పాతదా అన్నది చూపుతో తేలదు. దానికి అడ్డంగా పలచటి గాజు ముక్కను రెండు వైపులా అంటించి తేదీ రాయాలి. ఏడాది వానలో సగానికి పైగా మనకు అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. ఆ వానలు, తర్వాతి ఎండలు రెండూ గడిచాక గాజు పగలకపోతే ఆ పగులు నిద్రపోతున్నదే, పూడ్చేయొచ్చు. అందుకే కట్టడాన్ని పరిశీలించేది కార్తీకంలో, పనికి దిగేది మాఘం దాటాక. ఎండాకాలంలో చూసి కొన్న మిల్లు నవంబరులో వేరే మిల్లులా కనిపిస్తుంది. 2021 నవంబరు పెన్నా వరద నీళ్లు ఏ ఎత్తుదాకా వచ్చాయో ప్రహరీ మీద గీతలుంటాయి, ఇరుగుపొరుగు చెబుతారు. విద్యుత్ బోర్డులు, స్టోర్ గది ఆ గీతకు పైనే ఉండాలి.

యంత్రాల షెడ్డు, బాయిలర్ గది సంగతి త్వరగా చెప్పేయొచ్చు. యంత్రాల షెడ్డు ఎత్తుగా ఉంటుంది కానీ నేలంతా పునాది దిమ్మెలు, గుంతలు. దిమ్మెలు పగలగొట్టడం కంటే వాటి మీదుగా కొత్త నేల వేయడం చౌక. షటిల్ కోర్టు పెడదామనుకునేవాళ్లు ముందు ఎత్తు కొలవాలి. కోర్టు 13.4 మీటర్ల పొడవు, 6.1 మీటర్ల వెడల్పు, అది పట్టేస్తుంది. పోటీలకు తొమ్మిది మీటర్ల ఎత్తు కావాలి, అంత ఎత్తు షెడ్డు అరుదు. పిల్లల సాధనకు పనికొస్తుంది, టోర్నమెంట్లు పెడతామని ప్రకటించుకోవద్దు. బాయిలర్ గది, తొట్లు సాధారణంగా కూల్చదగ్గవే. మసి, వేడి, ఉప్పు మూడూ తిన్న ఇటుక మళ్లీ పనికిరాదు.

పొగగొట్టం ఉంచాలంటే ఉంచొచ్చు, షరతులతో. పొగలోని ఆమ్లం లోపలి సున్నాన్ని తినేస్తుంది, ముఖ్యంగా పొగ చల్లబడే పైభాగంలో. అందుకే పై పదడుగులు ముందు వదులవుతాయి. నాలుగు దిక్కులా లంబం వేసి ఒరుగు కొలవాలి. రావి, మర్రి వేళ్లను లాగకూడదు, లాగితే ఇటుకలూ వస్తాయి. మొదలు కోసి, కోసిన చోట కలుపు మందు పూసి, వేరు చచ్చాక సందుల్లో సున్నం దట్టించాలి. పైభాగం నమ్మకంగా లేకపోతే గొట్టాన్ని మొత్తం పడగొట్టక్కర్లేదు. పరంజా కట్టి, పైనుంచి ఇటుక ఇటుకా దించి ఎత్తు తగ్గిస్తే చాలు. పిడుగు తీగ రాగిది కాబట్టి ఎప్పుడో దొంగల పాలై ఉంటుంది, కొత్తది వేయాలి.

పెరడు వైపు ఖాళీగా కనిపించే నేలను నమ్మొద్దు. వడ్ల బరువులో ఐదో వంతు ఊక, ఊకను కాలిస్తే అందులో ఐదో వంతు బూడిద. రోజుకు ఇరవై టన్నుల వడ్లు ఆడి ఊకంతా బాయిలర్‌కే వేసిన మిల్లులో రోజుకు దాదాపు 800 కిలోల బూడిద వచ్చేది. అది చాలా ఏళ్లు వెనకవైపు గుంతల్లోకే పోయింది. పైన మట్టి, గడ్డి చూసి ఇల్లు కడితే పునాది కుంగుతుంది. నాలుగైదు చోట్ల ఒకటిన్నర మీటర్ల లోతు గుంతలు తవ్వి చూడాలి. నల్లగా, తేలిగ్గా, నీళ్లలో మెత్తబడే పొర తగిలితే దాని కిందికి వెళ్లాలి, లేదా ఆ భాగాన్ని చెట్లకు వదిలేయాలి. జనరేటరు, ట్రాన్స్‌ఫార్మరు ఉన్నచోట నూనె ఇంకిన మట్టిని విడిగా తీసి పంపాలి.

ఇప్పుడు కళ్లం. మిల్లు మొత్తంలో ఊరికి అన్నిటికంటే విలువైనది ఇదేనని నా నమ్మకం. ఇరుకు వీధుల మధ్య ఎకరం, రెండెకరాల చదునైన ఖాళీ జాగా ఇంకెక్కడా దొరకదు. దాన్ని ముందు తెరవండి, కట్టడాల సంగతి తేలేలోపే. ఉదయం కూరగాయల సంత, సాయంత్రం పిల్లల ఆట, వాహనాలు నిలిపే చోటు, వీటికి ప్రహరీ బాగుండి, గుంతలు మూసి, దీపాలు పెడితే చాలు. మరమ్మతు కాని షెడ్డుల చుట్టూ మాత్రం గోడ ఎత్తుకు తగ్గ దూరంలో కంచె కట్టాలి. కళ్లం అంతా సిమెంటు, నీళ్లు ఇంకవు. ఎకరం మీద ఒక్క సెంటీమీటరు వాన అంటే నలభై వేల లీటర్లు, వాయుగుండం నాడు పది సెంటీమీటర్లు పడితే నాలుగు లక్షలు. అదంతా ఇప్పుడు పక్క వీధి కాలువలోకి పోతోంది. పల్లంవైపు అంచున మీటరు వెడల్పు సిమెంటు తీసి కందకం తవ్వి, కంకర, ఇసుక నింపి, పక్కన వేప, కానుగ నాటితే ఆ వీధి మునగడం తగ్గుతుంది.

బొంబాయి బట్టల మిల్లుల నుంచి నేర్చుకోవాల్సింది కూడా ఖాళీ జాగా గురించే. 1991 నియమం ప్రకారం మూతపడ్డ మిల్లు భూమిలో సుమారు మూడో వంతు ఊరి ఖాళీ స్థలానికి, సుమారు మూడో వంతు ప్రభుత్వ ఇళ్లకు, మిగతాది యజమానికి. 2001 సవరణతో ఆ పంపకం మొత్తం భూమికి కాక, కట్టడాలు లేని భాగానికే వర్తించేలా మారింది. 2006లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. షెడ్డులతో నిండిన ఆ మిల్లుల్లో ఖాళీ భాగం కొంచెమే కాబట్టి ఊరికి దక్కింది కూడా కొంచెమే. మన మిల్లుల్లో కథ వేరు, సగం పైగా కళ్లమే. వినియోగ మార్పు అనుమతి ఇచ్చేటప్పుడే కళ్లంలో ఇంత భాగం ఊరికి అని నగరపాలక సంస్థ, నుడా లెక్క కట్టి రాయించుకుంటే నవాబుపేట లాంటి చోట పార్కు కోసం భూమి కొనాల్సిన పని ఉండదు.

ఒంగోలు, టంగుటూరు వైపు పొగాకు గ్రేడింగ్ షెడ్డులకు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది, వాటిలో గాలి, వెలుతురు ఇంకా మేలు. మార్కాపురం పలకల కార్ఖానాలు, గూడూరు అభ్రకం షెడ్డులు మాత్రం వేరు. అక్కడి దుమ్ములో సిలికా ఉంటుంది. పొడిగా ఊడిస్తే పనివాళ్ల ఊపిరితిత్తులకు ముప్పు. తడిపి, వాక్యూమ్‌తో తీసి, మాస్కు లేనివాణ్ని లోపలికి రానీయకుండా శుభ్రం చేశాకే ఏ ఆలోచనైనా.

గోడౌనును కల్యాణమండపం చేయడమే అందరికీ మొదట తట్టేది. చేయొచ్చు, కానీ తలల లెక్క వేసుకోవాలి. భోజనాల హాలుకు మనిషికి ఒకటిన్నర చదరపు మీటర్లు అనుకుంటే 4,000 చదరపు అడుగుల గోడౌనులో పట్టేది సుమారు 250 మంది. గోడౌనుకు లారీ వైపు ఒకటే పెద్ద తలుపుంటుంది, అది చాలదు. ఎదురెదురు దిక్కుల్లో రెండు మీటర్ల వెడల్పుకు తగ్గని తలుపులు కనీసం రెండు, బయటికి తెరుచుకునేవి, ఉండాలి. పాత గోడలో కొత్త వాకిలి కొట్టేటప్పుడు ముందు పైన దూలం ఎక్కించి, అది గట్టిపడ్డాకే కింద ఇటుకలు తీయాలి. ఈ వరస తిరగబడితే గోడ అక్కడే దిగుతుంది. నన్నడిగితే, మండపాలు ఊళ్లో చాలానే ఉన్నాయి. నిమ్మకాయలకు, కూరగాయలకు చల్లని నిల్వ గదులు, ఐటీఐ పిల్లలకు వర్క్‌షాపు, చదువుకునే గది లేని పిల్లలకు గ్రంథాలయం ఇంకా కావాలి. వాటికి జనం ఒక్కసారిగా రారు, పార్కింగ్ గొడవ ఉండదు, పాత గోడల మీద భారమూ తక్కువ.

ఖర్చు అంచనాలో అనుకోని పనులకు కొత్త కట్టడానికి పది శాతం పక్కన పెడితే, ఇక్కడ పాతిక శాతం పెట్టుకోండి. ఎక్కువగా అది కప్పు కొసల దగ్గర, నేల కింద ఖర్చవుతుంది. యజమాని అమ్మకుండా లీజుకిస్తే పదకొండు నెలల ఒప్పందం మీద ఎవరూ కప్పు బాగుచేయరు, చేయకూడదు కూడా. ఏడాది దాటిన లీజు రిజిస్టరు చేయించాల్సిందే. కప్పు, గోడలు అద్దెదారు ఖర్చుతో బాగుచేస్తే కనీసం పదేళ్ల గడువు, మొదటి రెండేళ్ల అద్దెలో ఆ ఖర్చు మినహాయింపు, ముందే ఖాళీ చేయిస్తే మిగిలిన ఖర్చు తిరిగి చెల్లింపు అన్న మూడు మాటలూ పత్రంలో ఉండాలి. ఎవరి బోల్టు ఎవరిదో తర్వాత తగువు రాకుండా, పని మొదలుపెట్టే ముందు ప్రతి ట్రస్సుకూ నంబరు రాసి ఫొటోలు తీసి ఆ పత్రానికే జతచేయాలి.